పోలీసు ఎవరికి జవాబు చెప్పాలి? పజుండౌంగ్ నుంచి ఒక పరిశీలన

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని ఇథాకా నగర మేయరు ఒక ప్రతిపాదన చేశాడు. ఊరి పోలీసు విభాగాన్ని తీసివేసి, కొందరు ఆయుధాలతోనూ కొందరు ఆయుధాలు లేకుండానూ పనిచేసే కొత్త ప్రజాభద్రతా విభాగాన్ని దాని స్థానంలో నెలకొల్పాలన్నది దాని సారాంశం. ఇథాకా కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్న చిన్న ఊరు. జనాభా ముప్ఫై వేల పైచిలుకు. అంతకు ముందు సంవత్సరం జూన్‌లో న్యూయార్క్ రాష్ట్ర గవర్నరు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, రాష్ట్రంలో పోలీసు విభాగమున్న ప్రతి స్థానిక ప్రభుత్వమూ 2021 ఏప్రిల్ 1 లోగా సంస్కరణ ప్రణాళికను ఆమోదించాలి. ఊళ్ళో వాదోపవాదాలు జరిగాయి. పోలీసుల సంఘం ఎదురు తిరిగింది. మార్పులు చేర్పుల తరువాత మార్చి 31న నగర కౌన్సిలు ప్రణాళికపై ఓటు వేసింది. పోలీసు విభాగం రద్దు కాలేదు. సంస్కరణ ముక్కలు ముక్కలుగా, నత్తనడకన సాగింది.

సరిగ్గా అవే వారాల్లో బర్మాలో మరో రకం పోలీసు చరిత్ర నడుస్తోంది. ఫిబ్రవరి 1న సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. ఫిబ్రవరి 9న రాజధాని నేపిడోలో ఊరేగింపులో నిలబడిన మ్య థ్వే థ్వే ఖైన్ అనే యువతి తలలోకి తూటా దూసుకుపోయింది. మరి రెండు రోజుల్లో ఆమెకు ఇరవయ్యేళ్ళు నిండవలసి ఉంది. పది రోజుల తరువాత ఆమె మరణించింది. మార్చి 3న యాంగోన్ ఉత్తర శివారులో, అంబులెన్సులో వచ్చిన స్వచ్ఛంద సేవకులను దింపి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, పోలీసులు తుపాకి మడమలతో కొట్టిన దృశ్యాన్ని ఒక నిఘా కెమెరా ప్రపంచానికి చూపింది. ఆ పోలీసు దళానికి అప్పటికి ఏడేళ్ళకు పైగా ఐరోపా నిపుణులు సంస్కరణ పాఠాలు చెబుతున్నారు.

యాంగోన్ నగరంలో తూర్పు అంచున పజుండౌంగ్ అనే చిన్న టౌన్‌షిప్ ఉంది. 2014 జనగణన నాటికి అక్కడి జనాభా యాభై వేలకు లోపు. జనంలో ఇథాకా కంటే పెద్దది, విస్తీర్ణంలో చాలా చిన్నది. ఇథాకా వంటి ఊరికి తన పోలీసు విభాగం ఉంటుంది, దాని బడ్జెట్టును ఆ ఊరు ఎన్నుకున్న కౌన్సిలు ఆమోదిస్తుంది, నచ్చకపోతే నిలదీస్తుంది. పజుండౌంగ్‌కు ఉన్నది ఒక ఠాణా. ఆ ఠాణా జిల్లా పోలీసు అధికారికి, అతను ప్రాంతీయ అధికారికి, ఆయన నేపిడోలోని ప్రధాన కార్యాలయానికి, అది హోం మంత్రికి, ఆ మంత్రి సర్వసేనానికి జవాబు చెప్పుకోవాలి. ఈ నిచ్చెనలో ఎక్కడా పజుండౌంగ్ నివాసి లేడు. నగరపాలక సంస్థ కూడా లేదు.

పోలీసు సంస్కరణ అనగానే సాధారణంగా నాలుగు విషయాలు చర్చకు వస్తాయి. పోలీసులుగా ఎవరిని తీసుకుంటున్నారు? వారికి ఏమి నేర్పుతున్నారు? వారి చేతికి ఏ చట్టం ఇస్తున్నారు? వారు ఎవరికి జవాబుదారులు? నూట ఇరవై ఏళ్ళలో రంగూన్ పోలీసులో మొదటి రెండూ పూర్తిగా మారాయి. మూడవది కొంత మారి మళ్ళీ వెనక్కి పోయింది. నాలుగవది మాత్రం కదలలేదు. అది కదలనిచోట మిగిలిన మూడూ ఎంత దూరం పోగలవో చూడటానికి రంగూన్‌ను మించిన ఉదాహరణ దొరకదు. పైగా ఆ చరిత్రలో ఒక అధ్యాయం తెలుగువారి రక్తంతో వ్రాసినది.

చీకట్లో కనబడటమే నేరం

పజుండౌంగ్ అంటే బర్మా భాషలో రొయ్యల కొండ. ఆ పేరుగల వాగు రంగూన్ నదిలో కలిసేచోట, పంతొమ్మిదవ శతాబ్దం ద్వితీయార్ధంలో, వరసగా బియ్యం మిల్లులు వెలిశాయి. ఇరావతీ డెల్టా ధాన్యం పడవల్లో అక్కడికి వచ్చి, బియ్యమై ఓడలెక్కి ప్రపంచమంతా పోయేది. మిల్లులకూ ఓడరేవుకూ కావలసిన కూలీలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి వచ్చేవారు. మన పల్లెల్లో ‘రంగం పోయాడు’ అంటే అర్థం ఇదే. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరిట, ఆ కూలీలందరినీ రంగూన్‌లో ‘కోరంగీలు’ అన్నారు. శ్రీకాకుళం వాడైనా గోదావరి వాడైనా అక్కడ కోరంగీయే.

ఇలా రోజూ కొత్త ముఖాలు దిగే నగరాన్ని అదుపులో ఉంచటానికి బ్రిటిష్ ప్రభుత్వం 1899లో రంగూన్ పోలీసు చట్టాన్ని తెచ్చింది. మిగిలిన బర్మాకు, భారతదేశానికి ఉన్నట్టే, 1861 నాటి పోలీసు చట్టం వర్తించేది. కలకత్తా, బొంబాయి, మద్రాసుల వలె రంగూన్‌కు మాత్రం విడిగా పోలీసు కమిషనరు, విడిగా చట్టం. ఈ చట్టంలోని 30వ సెక్షను దాని స్వభావాన్ని బయటపెడుతుంది. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య ముఖం కప్పుకొనో, మారువేషంలోనో కనబడి, అందుకు తగిన కారణం చెప్పలేని మనిషిని వారంటు లేకుండా పట్టుకోవచ్చు, మూడు నెలల దాకా జైలుకు పంపవచ్చు. ఆ మనిషి ఏమీ చేసి ఉండనక్కరలేదు. కారణం తగినదా కాదా అన్నది కానిస్టేబులు తేలుస్తాడు.

ఈ రకం సెక్షను రంగూన్‌కే ప్రత్యేకం కాదు. 1951 నాటి బొంబాయి పోలీసు చట్టంలోనూ ఇటువంటిది ఉంది. ఓడ దిగిన కూలీకి భాష రాదు, చిరునామా ఉండదు, పని మేస్త్రీ నోటి మాట మీద నడుస్తుంది. అటువంటి మనిషికి ‘తగిన కారణం’ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ చట్టం దృష్టిలో నగరవాసి కాపాడవలసిన పౌరుడు కాదు, లెక్క చెప్పవలసిన అనుమానితుడు. ఇక్కడ విశేషం దాని ఆయుర్దాయం. బ్రిటిష్ వారు పోయారు, కూలీలు పోయారు, మిల్లుల వైభవం పోయింది. ఈ సెక్షనూ, దాని అడుగుజాడల్లో 1945 పోలీసు చట్టంలో చేరిన 35వ సెక్షనూ నిలిచాయి. ఇరవై ఒకటవ శతాబ్దంలో యాంగోన్, మండలే వీధుల్లో రాత్రిపూట తిరిగే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను పట్టుకోవటానికి పోలీసులు వాడినవి ఇవే. ‘చీకటి చట్టం’ అని జనం దీనికి పేరు పెట్టుకున్నారు.

మనుషులను మారిస్తే చాలదా?

1931 జనగణన ప్రకారం రంగూన్ జనాభా 4,00,415. అందులో భారతీయులు 2,12,929, అంటే సగానికి మించి. నగర పోలీసులోనూ భారతీయుల పాలే ఎక్కువ. మిలిటరీ పోలీసులో అది మరీ ఎక్కువ. అయితే ఈ పోలీసులు కోరంగీలు కారు. అధికభాగం ఉత్తర భారతం నుంచి వచ్చినవారు. తెలుగు కూలీకి ఆ పోలీసు భాష తెలియదు. బర్మా వారికి మాత్రం పోలీసూ కూలీ ఇద్దరూ ఒకే ‘కలా’ జాతి, ఇద్దరూ పరాయి ప్రభుత్వంతో పాటు వచ్చినవారు. ఈ విచిత్ర స్థితి 1930 మే నెలలో బద్దలైంది.

ఆ నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. సరకు ఎక్కించి దించే కంపెనీలు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. కొద్ది వారాలకు కంపెనీలు తెలుగువారితో రాజీపడి, బర్మా వారిని అక్కరలేదు పొమ్మన్నాయి. మే 26న రేవు దగ్గర రెండు గుంపులూ ఎదురుపడ్డాయి. కొట్లాట గంటల్లో నగరమంతా పాకి, కోరంగీల వేటగా మారింది. చచ్చినవారు వందకు పైనే అని అధికారికంగా తేలింది, గాయపడినవారు వెయ్యికి దగ్గర. నిజం అంతకంటే చాలా పెద్దదని భారతీయులు నమ్మారు. వేలమంది తెలుగు కూలీలు వాడుకలో లేని పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. పోలీసుల వల్ల కాక వీధుల్లోకి సైన్యం దిగింది. అప్పటి రంగూన్ జిల్లా మేజిస్ట్రేటు మారిస్ కాలిస్ 1938లో వెలువరించిన ‘ట్రయల్స్ ఇన్ బర్మా’ అనే పుస్తకంలో ఈ రోజులను వర్ణించాడు.

నగరంలో సగానికి పైగా ఉన్న ఒక సమూహాన్ని, ఆ సమూహపు దేశం నుంచే వచ్చిన పోలీసులు కాపాడలేకపోయారు. ఊళ్ళో తమకు ఎరుకగల మనిషి ఒక్కడూ లేని పోలీసుకు, కొట్లాట రాబోతున్నదన్న కబురు ముందుగా అందదు. వచ్చాక, లాఠీ తుపాకుల మధ్య మూడో సాధనం అతనికి తెలియదు.

ఆ కాలపు బర్మా జాతీయవాదులు దీని నుంచి తీసుకున్న పాఠం సూటిగా ఉంది: పోలీసులో మనవాళ్ళు ఉండాలి. కోరిక న్యాయమైనదే. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది, 1948లో స్వతంత్రమైంది, పోలీసు దళం క్రమంగా బర్మా వారిదయింది. ఇక చూడవలసినది, ఆ మార్పు ఊరివారికి ఏమి ఇచ్చిందన్నది.

విద్యార్థులూ లాఠీలూ

రంగూన్ విశ్వవిద్యాలయం 1920లో పుట్టటమే విద్యార్థుల సమ్మెతో పుట్టింది. అప్పటి నుంచి ఆ నగరపు రాజకీయాలకు విద్యార్థులే కొలబద్ద. 1938 డిసెంబరు 20న విద్యార్థులు సచివాలయాన్ని చుట్టుముట్టారు. తిరిగిపోతున్న వారి మీదికి పోలీసులు గుర్రాలతో, లాఠీలతో వచ్చారు. జడ్సన్ కాలేజీ విద్యార్థి ఆంగ్ జో తలకు దెబ్బ తగిలి రెండు రోజులకు మరణించాడు. సచివాలయం పక్కనున్న స్పార్క్స్ వీధికి తరువాత అతని పేరే పెట్టారు. పజుండౌంగ్ నుంచి నగర మధ్యానికి పడమరగా నడిచి వెళ్ళే వారికి నేటికీ బో ఆంగ్ జో వీధి దారిలో తగులుతుంది. నాటి పోలీసు పరాయి పాలకుడి పోలీసు. ఆ మరణానికి ఆ వివరణ సరిపోయింది.

యాభై ఏళ్ళ తరువాత ఆ వివరణ సరిపోలేదు. 1988 మార్చిలో రంగూన్ సాంకేతిక విద్యాసంస్థ దగ్గర టీ దుకాణంలో మొదలైన తగాదా విద్యార్థుల నిరసనగా పెరిగింది. మార్చి 13న ఫోన్ మా అనే విద్యార్థి తూటాకు బలయ్యాడు. మార్చి 16న ఇన్యా సరస్సు గట్టు మీద అల్లర్ల నిరోధక పోలీసు దళం విద్యార్థుల ఊరేగింపును రెండు వైపులా మూసి కొట్టింది. రెండు రోజుల తరువాత, అరెస్టయినవారిని కుక్కి ఇన్సైన్ జైలుకు తీసుకుపోతున్న పోలీసు వ్యానులో 41 మంది ఊపిరాడక చనిపోయారు. ప్రభుత్వం ఆ సంగతిని జూలై దాకా ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక హోం మంత్రి పదవి వదులుకున్నాడు. కొట్టినవారూ చచ్చినవారూ ఒకే జాతి, ఒకే భాష, చాలాచోట్ల ఒకే పేట. పోలీసు పేరు కూడా అప్పుడు ‘ప్రజా పోలీసు దళం’.

ఈ ఘోరం తరువాత వచ్చిన సైనిక ప్రభుత్వం ఒక సంస్కరణ చేసింది. అది పోలీసును కాక విద్యార్థులను మార్చింది. విశ్వవిద్యాలయాలు ఏళ్ళ తరబడి మూతపడ్డాయి. డిగ్రీ విద్యార్థులను నగరం నడుమనున్న పాత ప్రాంగణం నుంచి తప్పించి, శివార్లలో కట్టిన కొత్త విశ్వవిద్యాలయాలకు పంపారు. పజుండౌంగ్ పిల్లలు చదువుకోవాలంటే బస్సెక్కి నది దాటి తాన్‌ల్యిన్ వైపు పోవలసి వచ్చింది. యాంగోన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ తరగతులు మళ్ళీ 2013 డిసెంబరులో గాని మొదలు కాలేదు. కాలేజీ ఊరిలో పోలీసుకూ విద్యార్థికీ పడకపోతే, కాలేజీనే ఊరి నుంచి తీసివేయటం! 1995 అక్టోబరు 1న పోలీసు దళానికి ‘మయన్మార్ పోలీసు దళం’ అని కొత్త పేరు పెట్టారు. ‘మీకేమి సహాయం కావాలి?’ అన్న బోర్డులు ఠాణాల ముందు వెలిశాయి.

శిక్షణ ఎంత దూరం పోగలదు?

2011 తరువాత వచ్చిన అర్ధ పౌర ప్రభుత్వ కాలంలో మొదటిసారిగా బయటి నిపుణులు లోపలికి వచ్చారు. అందుకు దారి వేసినది మరో దుర్ఘటన. 2012 నవంబరు 29 తెల్లవారుజామున లెట్‌పదౌంగ్ రాగి గని దగ్గర నిరసన శిబిరాల మీద పోలీసులు భాస్వరం ఉన్న పొగ గుండ్లు విసిరారు. బౌద్ధ భిక్షువులు పలువురు ఒళ్ళు కాలి ఆస్పత్రుల పాలయ్యారు. ఆంగ్ సాన్ సూ చీ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం, ఆ గుండ్లు ఏమి చేస్తాయో పోలీసులకు తెలియదని, గుంపులను అదుపు చేయటంలో వారికి శిక్షణ అవసరమని నివేదించింది.

2013 చివరలో యూరోపియన్ యూనియన్ కోటి యూరోలతో పోలీసు సంస్కరణ పథకం మొదలుపెట్టింది. గుంపులను ఎదుర్కొనేటప్పుడు బలాన్ని మెట్టుమెట్టుగా వాడటం, పేట ప్రజలతో కలిసి పనిచేయటం, మానవ హక్కులు పాఠ్యాంశాలయ్యాయి. పరీక్ష త్వరలోనే వచ్చింది. కొత్త విద్యా చట్టాన్ని మార్చాలని మండలే నుంచి నడిచి వస్తున్న విద్యార్థులను 2015 మార్చిలో పోలీసులు యాంగోన్‌కు ఉత్తరాన లెట్‌పదాన్ అనే ఊళ్ళో ఆపేశారు. మార్చి 10న వరసలు విడిచి మీదపడి, పారిపోతున్నవారిని వెంటాడి కొట్టారు. వందమందికి పైగా అరెస్టయ్యారు. దానికి అయిదు రోజుల ముందు యాంగోన్ నగర మందిరం దగ్గర, చేతికి ‘విధి’ అని వ్రాసిన ఎర్రపట్టీలు కట్టుకున్న మామూలు దుస్తుల మనుషులు నిరసనకారులను పట్టి పోలీసులకు అప్పగించారు. అల్లరిగుంపును చెదరగొట్టటానికి పౌరుల సాయం కోరవచ్చన్న 1898 నాటి నేరవిచారణ స్మృతి 128వ సెక్షనును ప్రభుత్వం అందుకు చూపించింది.

శిక్షణ ఇచ్చినవారు సిగ్గుపడ్డారు, విచారణ కోరారు. తరువాత మరింత పెద్ద పథకం వచ్చింది. 2016లో మూడు కోట్ల యూరోలతో మొదలైన ఆ పథకం 2021 ఫిబ్రవరి కుట్రతో ఆగిపోయింది.

శిక్షణ వృథా అని దీని అర్థం కాదు. లెట్‌పదౌంగ్ గుండ్ల వంటి అజ్ఞానాన్ని శిక్షణ తీర్చగలదు. కానీ లెట్‌పదాన్‌లో లోపించినది తెలివిడి కాదు. వరస విడిచి కొట్టిన కానిస్టేబులు మీద, కొట్టనిచ్చిన అధికారి మీద చర్య తీసుకోగల సంస్థ ఏదీ బయట లేదు. పాఠం మరచిపోతే ఏమీ కాదు, పై ఆజ్ఞ మరచిపోతే ఉద్యోగం పోతుంది. ఈ రెంటి మధ్య ఏ కానిస్టేబులైనా ఏది గుర్తుపెట్టుకుంటాడు?

రాత్రి ఇంట్లో ఎవరున్నారు?

పజుండౌంగ్ వంటి పేటలో పోలీసు అంటే ఊరేగింపు నాటి లాఠీ కంటే ముందు, రాత్రి తలుపు తట్టే చెయ్యి. బర్మాలో ఇంటికి వచ్చిన చుట్టం రాత్రి పడుకుంటే వార్డు కార్యాలయంలో చెప్పి నమోదు చేయించుకోవాలన్న నియమం వలస కాలం నుంచీ ఉంది. సైనిక పాలనలో రాజకీయ కార్యకర్తలను వెతకటానికి అది గొప్ప సాధనమయింది. 2012లో తెచ్చిన వార్డు పాలనా చట్టం కూడా ఆ నియమాన్ని నిలిపింది. అదే చట్టం ఒక చిన్న మంచి కూడా చేసింది: వార్డు అధికారిని, పది ఇళ్ళకొకరుగా ఎంచుకున్న పెద్దలు కలిసి ఎన్నుకోవాలన్నది. ఎన్నికైన ప్రభుత్వం 2016లో చుట్టాల నమోదును రద్దు చేసింది.

సంస్కరణలన్నిటిలోకీ ఇది ఖర్చు లేనిది, ఊరికి నేరుగా తగిలినది. అందుకే కుట్ర తరువాత మొదట పోయినదీ ఇదే. 2021 ఫిబ్రవరి 13న, అంటే అధికారం పట్టిన రెండు వారాలకే, సైనిక ప్రభుత్వం చుట్టాల నమోదును తిరిగి తెచ్చింది. అదే రోజున, వారంటు లేని సోదాల నుంచి పౌరుడిని కాపాడే 2017 చట్టంలోని సెక్షన్లను ఆపేసింది. అంతకు ముందు రోజు 23 వేల మందికి పైగా ఖైదీలను విడుదల చేశారు. అర్ధరాత్రి అరెస్టులు ఒకవైపు, కొత్తవాళ్ళు వీధుల్లో తిరుగుతున్నారన్న భయం మరొకవైపు. యాంగోన్ పేటల్లో జనం వెదురుగడలు, పళ్ళేలు పట్టుకుని వంతులవారీగా రాత్రి కాపలా కాశారు. అపరిచితుడు కనబడితే పళ్ళేలు మోగించారు. పోలీసు నుంచి తమను తాము కాపాడుకోవటానికి ఊరే పోలీసు పని చేసింది.

నాలుగవ ప్రశ్న

ఇంతకీ ఎన్నికైన ప్రభుత్వం అయిదేళ్ళు ఉండి పోలీసును ఎందుకు మార్చలేకపోయింది? సమాధానం 2008 రాజ్యాంగంలో ఉంది. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల మంత్రులను సర్వసేనాని సూచిస్తాడు. దేశంలోని సాయుధ బలగాలన్నీ సైన్యం అధీనంలో ఉంటాయని 338వ సెక్షను చెబుతుంది. ఎన్నికైన ప్రభుత్వం జిల్లా పాలనా యంత్రాంగాన్ని 2018 డిసెంబరులో హోం శాఖ నుంచి తప్పించి పౌర మంత్రి కిందికి తేగలిగింది. పోలీసును తేలేకపోయింది. 2022 మార్చిలో సైనిక ప్రభుత్వం చేసిన కొత్త పోలీసు చట్టం ముసుగు కూడా తీసివేసింది: సైన్యం పిలిస్తే పోలీసు యుద్ధరంగానికి పోవాలి.

దీనికి ఎదురు ఉదాహరణగా ఉత్తర ఐర్లండును చూడవచ్చు. అక్కడి పోలీసులో కాథలిక్కులు నూటికి ఎనిమిది మంది మాత్రమే ఉండేవారు. శాంతి ఒప్పందం తరువాత 1999లో పాటెన్ సంఘం 175 సిఫారసులు చేసింది. కొత్తగా తీసుకునేవారిలో సగం మంది కాథలిక్కులు ఉండాలన్నది వాటిలో బాగా ప్రచారమైనది. పదేళ్ళలో వారి పాలు నూటికి ముప్ఫైకి చేరువయింది. దానితో పాటు మరో రెండు వచ్చాయి: రాజకీయ పక్షాలూ పౌరులూ కూర్చునే పోలీసు బోర్డు ఒకటి, ఫిర్యాదులను పోలీసుతో సంబంధం లేకుండా విచారించే అంబుడ్స్‌మన్ మరొకటి. మనుషుల మార్పు నిలిచినది ఆ రెంటి వల్ల. రంగూన్‌లో మనుషులు నూటికి నూరుపాళ్ళు మారారు. బోర్డూ రాలేదు, అంబుడ్స్‌మనూ రాలేదు.

ఈ కొలతతో మన ఇంటి వైపు చూసినా సౌఖ్యంగా ఉండదు. రంగూన్ చట్టానికి బంధువులు మన దగ్గరా బతికే ఉన్నారు. హైదరాబాదు నగర పోలీసును నేటికీ నడిపేది నిజాం కాలపు 1348 ఫసలీ చట్టం. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. వాటిలో రాష్ట్ర భద్రతా సంఘం, పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీ ముఖ్యమైనవి, రెండూ నాలుగవ ప్రశ్నకు సంబంధించినవే. రాష్ట్రాలు తాత్సారం చేసినదీ ఎక్కువగా వాటి విషయంలోనే. మైత్రీ సంఘాలు, ఫ్రెండ్లీ పోలీసింగ్ వంటి మాటలు మాత్రం త్వరగా వచ్చాయి. అవి చెడ్డవి కావు. ‘మీకేమి సహాయం కావాలి?’ అన్న బోర్డు కూడా చెడ్డది కాదు.

తేడా కూడా చెప్పుకోవాలి. హైదరాబాదు ఠాణాలో అన్యాయం జరిగితే హైకోర్టు ఉంది, శాసనసభ ఉంది, పత్రిక ఉంది, అయిదేళ్ళకొకసారి ఓటు ఉంది. నిచ్చెన పైమెట్టు మీద సేనాని కాక, ఓటుకు భయపడే మనిషి ఉన్నాడు. ఆ తేడా పెద్దది. అయితే ఆ భయం ఠాణా దాకా దిగివచ్చే దారి మన దగ్గర ఇంకా సన్నగానే ఉంది. ఇథాకాలో ఉన్నది ఆ దారి. అక్కడి ప్రణాళిక నత్తనడక నడిచినా, ఆ నడకను ఊరు చూస్తోంది, ఎందుకు ఆగిందని అడుగుతోంది.

ఆజ్ఞ కాదన్నవారు

2021 మార్చిలో కొందరు బర్మా పోలీసులు జనం మీద కాల్చమన్న ఆజ్ఞను కాదని, సరిహద్దు దాటి మిజోరం చేరారు. తూర్పున కరెన్నీ రాష్ట్రంలో ఉద్యోగాలు వదిలి నిరసనకారుల వైపు వచ్చిన పోలీసులు ఆ ఏడాది ఆగస్టులో ‘కరెన్నీ రాష్ట్ర పోలీసు’ను నెలకొల్పుకున్నారు. యుద్ధం మధ్య, స్థానికంగా ఏర్పడిన మధ్యంతర పాలన కింద పనిచేసే చిన్న దళం అది. దానిలోనూ లోపాలుంటాయి. చట్టం, కోర్టు, జైలు అన్నీ కొత్తగా కూర్చుకోవలసినచోట పోలీసు ఒక్కటే సవ్యంగా ఉండటం అసాధ్యం. కానీ ఆ దళం మొదటి రోజునే అడగవలసి వచ్చిన ప్రశ్న, యాంగోన్‌లో నూట ఇరవై ఏళ్ళలో ఎవరూ అడగనిచ్చిన ప్రశ్న కాదు: మేము ఎవరి పోలీసులం?

రంగం నుంచి 1942లో నడిచి వచ్చిన వారూ, 1964 ప్రాంతంలో ఓడల్లో వచ్చిన వారూ మన ఊళ్ళలో స్థిరపడ్డారు. విశాఖపట్నంలో ఒక పేటకు బర్మా క్యాంపు అన్న పేరు ఇంకా ఉంది. వారి కుటుంబాల మూడవ, నాలుగవ తరాలవారు ఇప్పుడు సముద్రాలు దాటి, కాలేజీలున్న చిన్న ఊళ్ళలో ఉద్యోగాలు చేస్తూ ఉండవచ్చు. ఆ ఊళ్ళలో పోలీసు బడ్జెట్టు మీద ఏటా ఒక సాయంత్రం బహిరంగ విచారణ జరుగుతుంది. వెళ్ళేవారు తక్కువ, ఖాళీ కుర్చీలు ఎక్కువ. పజుండౌంగ్ వారికి 1899 నుంచీ దొరకనిది ఆ కుర్చీయే.